కూటంలో మనిషి లేని లోకం

ఆదివారం మధ్యాహ్నం రెండు దాటగానే, నందిగామ గాంధీ సెంటర్ పక్క సందులో ఉన్న నీహారిక జిరాక్స్ షాపు మీద గదికి కామేశం మెట్లెక్కి వచ్చేవాడు. చంకలో ఏడు పాత రిజిస్టర్లు, చేతిలో గుడ్డసంచి, సంచిలో పాచికలు, ఎర్ర గుండీలు, మడతలు పడ్డ పటాలు. వస్తూనే ఫ్యాను గాలి చాలడం లేదని ఒక విసుగు, కుర్చీ ఊగుతోందని ఒక విసుగు. ఆ రెండూ అయ్యాక గానీ ఆట మొదలయ్యేది కాదు.

వయసు యాభై ఎనిమిది. జగ్గయ్యపేట అవతల ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటరు. ఏ సబ్‌స్టేషనో చెప్పను, దాని పేరుతో మనకి పని లేదు. తండ్రి లెక్కల మాస్టారు. బజారులో నడిస్తే పది మంది నమస్కారం పెట్టే మనిషి. కొడుకుని ఇంజనీరుని చేద్దామనుకున్నాడు, కొడుకు ఐటీఐ దగ్గర ఆగిపోయాడు. పోయేదాకా ఆ సంగతి కొడుక్కి గుర్తు చేయని రోజు లేదు. అందుకే కామేశానికి లోకం మీద కక్ష. ఎవరు పలకరించినా ఎందుకు పలకరించారా అన్నట్టు చూస్తాడు. భార్య చూడామణి ఎప్పుడో మాటలు తగ్గించేసింది. అన్నం పెట్టాను, కరెంటు పోయింది, గ్యాసు వచ్చింది, ఇలాంటి నాలుగైదు మాటలతో ఆ ఇంట్లో రోజులు గడిచిపోతాయి.

అలాంటి మనిషిని మాస్టారూ అని పిలిచే చోటు ఈ భూమ్మీద ఒకటే ఉంది. అది ఆ జిరాక్స్ షాపు మీద గది.

ఆట ఆయన సొంతం. ఖాళీ షిఫ్టుల్లో ఫోన్‌లో పరాయి దేశాల వాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర పెట్టుకుని, ఇరవై ముఖాల పాచిక వేసుకుంటూ కథ ఆడుకోవడం చూశాడు. వాళ్ళ రాక్షసులూ దెయ్యాలూ నచ్చలేదు. తనే ఒక లోకం కట్టాడు. పాత లాగ్‌బుక్కుల్లో మిగిలిన కాగితాల మీద, సమయం, ఫీడరు, లోడు, రిమార్కులు అని గీతలు కొట్టి ఉన్న గడుల్లోనే ఆ లోకాన్ని రాశాడు. పేరు తీగనాడు. అక్కడ మంత్రం రాగి తీగల్లో పారుతుంది. ఏటి ఒడ్డున మూలమంత్రం పుడుతుంది, ఊరూరా ఉన్న మంత్రకూటాలకి వస్తుంది, అక్కడి నుంచి ఇళ్ళకీ చేలకీ పోతుంది. నీటిచక్రాలు తిరుగుతాయి, మగ్గాలు ఆడతాయి, పొయ్యి లేకుండా గంగాళాలు కాగుతాయి. తీగ తెగితే తీగమాంత్రికులు రాతి స్తంభాలెక్కి కడతారు. ఊరికే వచ్చే మాయ ఏదీ లేదు. ఒక ఊరు ఎక్కువ లాగితే ఇంకో ఊళ్ళో దీపాలు మసకబారతాయి. నిజం చెప్పాలంటే లోకం మాత్రం బ్రహ్మాండంగా కట్టాడు. మనిషి చేదు గానీ బుర్ర చురుకు.

ఆ లోకానికి మూడు శాసనాలు. మొదటి రెంటి మీద ఎవరు వాదించినా వినేవాడు. మూడోది మాత్రం ముట్టుకోనిచ్చేవాడు కాదు. స్తంభం ఎక్కే మాంత్రికుడు ముందు తీగని నిద్రపుచ్చాలి. నిద్రపుచ్చిన గొంతే దాన్ని లేపాలి. ఇంకెవరు పిలిచినా తీగ పలకదు. ఎవరు నిద్రపుచ్చినా పటం మీద తన పేరున ఒక ఎర్ర గుండీ పెట్టాలి. ఇద్దరు నిద్రపుచ్చితే రెండు గుండీలు. ఎనిమిదేళ్ళ ఆటలో ఒక్క గుండీ తప్పినా కామేశం పాచికలు విసిరికొట్టేవాడు.

ఆ శాసనం ఎందుకు రాశాడో అతనికి తెలుసు. ఇక మీకూ తెలియాలి.

పదకొండేళ్ళ కిందట, మే నెల. లైన్‌మన్ స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ అడుగుతాడు. ఎల్‌సీ అంటారు దాన్ని. ఆపరేటరు ఆ లైనుకి కరెంటు ఇచ్చే ఫీడరు ఆపి, స్విచ్చి హ్యాండిల్‌కి ‘మనుషులు పని చేస్తున్నారు’ అన్న ఎర్ర రేకు బోర్డు తగిలించి, ఒక నంబరు ఇస్తాడు. పనయ్యాక ఆ మనిషే ఆ నంబరు చెప్పి ఎల్‌సీ తిరిగి ఇవ్వాలి. ఒకే లైను మీద ఇద్దరు ఎల్‌సీ తీసుకుంటే రెండు బోర్డులు తగిలించాలి. ఒకటి తీసినా రెండోది కంటికి కనబడుతూ ఉండాలి. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఆ రోజు కిషోర్‌బాబు అనే లైన్‌మన్ పదమూడో నంబరు ఎల్‌సీ తీసుకున్నాడు. పావుగంటకి అదే లైను మీద ఒక కాంట్రాక్టరు మనిషి పద్నాలుగు తీసుకున్నాడు. కామేశం అప్పుడే క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకున్నాడు. ఒక బోర్డు ఎలాగూ వేలాడుతోంది. రెండోది బల్ల అవతల గోడ కొక్కేనికి ఉంది. లేచి, చెయ్యి కడుక్కుని, నాలుగడుగులు వెయ్యాలి. వెయ్యలేదు. రెండూ నలభైకి కాంట్రాక్టరు మనిషి ఫోన్ చేసి పద్నాలుగు రిటర్న్ అన్నాడు. కరెంటు ఎప్పుడిస్తారంటూ ఊళ్ళ నుంచి ఒకటే ఫోన్లు. కామేశం ఉన్న ఒక్క బోర్డూ తీసేసి లైన్ ఇచ్చాడు. కిషోర్‌బాబు ఇంకా స్తంభం మీదే ఉన్నాడు.

పది నిమిషాల్లో కబురు తెలిసింది. కామేశం లాగ్‌బుక్కు లాక్కుని రిటర్న్ గడిలో కిషోర్‌బాబు అని పేరు రాశాడు. విచారణకొచ్చిన వాళ్ళ ముందు, ఆ గొంతు నేను చెవులారా విన్నానండి, ఎల్‌సీ తిరిగిచ్చి మళ్ళీ ఎందుకెక్కాడో మరి, అన్నాడు. మృతుడి నిర్లక్ష్యం అని తేలింది. ఊరు ఊరుకోదు కదా, తాగి ఎక్కాడని తన వంతు కలిపింది. కామేశం ఉద్యోగం నిలిచింది. మరుసటి ఏడాది తీగనాడు పుట్టింది. అక్కడ అలాంటిది జరగడానికి వీల్లేదు, ఎందుకంటే తీగకే తెలుసు తనని ఎవరు నిద్రపుచ్చారో.

ఇదీ సంగతి. ఇప్పుడు ఆమని వచ్చిన రోజుకి వద్దాం.

ఆ ఆదివారం బల్ల దగ్గర ఎప్పటిలాగే ఇద్దరున్నారు. షాపు నీహారిక ఒకరు. ఆటలో ఆమె చిలక అనే దొంగ. రెండో ఆట మనిషి భవానీప్రసాద్, జగ్గయ్యపేట దగ్గర సిమెంటు ఫ్యాక్టరీ కంట్రోల్ రూములో పని, ఆటలో పెద్ద మాంత్రికుడు. మెట్ల మీద మూడో చప్పుడు వినబడింది. పాతికేళ్ళ లోపు పిల్ల, భుజాన ల్యాప్‌టాప్ సంచి, మొహంలో నవ్వన్నది లేదు.

“మాస్టారూ, నేనే రమ్మన్నా అండి. కంప్యూటర్ ల్యాబ్‌లో చేస్తది, ఆటంటే ఇష్టమంట” అంది నీహారిక.

“పేరు?” అన్నాడు కామేశం తలెత్తకుండా.

“ఆమని. మాది పేట. మా నాన్న కిషోర్‌బాబు, లైన్‌మన్.”

నీహారికకీ భవానీప్రసాద్‌కీ అది ఒట్టి పరిచయం. కామేశానికి కాదు. పాచికల గిన్నె అందుకోబోయి చేతిని మళ్ళీ ఒళ్ళోకి లాక్కున్నాడు. ఆ పిల్ల అతన్నే చూస్తోంది. తెలిసే వచ్చిందని అర్థమైంది.

వెళ్ళిపొమ్మనొచ్చు. ఏమని చెప్పి వెళ్ళిపొమ్మంటాడు? అందుకని తనకి బాగా వచ్చిన పని చేశాడు. కస్సుమన్నాడు.

“ఇది పిల్లకాయల వీడియో గేమ్ కాదు. శాసనాలు చదవందే ఎవర్నీ కూర్చోనివ్వను.”

“చదివా అండి. నీహారికక్క ఫొటోలు పంపింది. మీ చేతిరాత చాలా స్పష్టంగా ఉంటది” అంది ఆమని, కుర్చీ లాక్కుని.

ఆమె యంత్రకారిణి పాత్ర తీసుకుంది. తీగనాడులో యంత్రకారులంటే మంత్రం లేని వాళ్ళు. పళ్ళచక్రాలూ చీలలూ పెట్టుకుని మంత్రాన్ని పనిలోకి దింపేవాళ్ళు. మొదటి గంటంతా పటాలే చూస్తూ కూర్చుంది. పటం మీద మంత్రకూటం వచ్చేసరికి వేలు పెట్టింది.

“ఈ కూటంలో ఎవరుంటారు?”

“ఎవరూ ఉండరు.”

“తీగ ఆపేదెవరు? మళ్ళీ ఇచ్చేదెవరు?”

“కూటమే. మంత్రానికి గొంతు గుర్తుంటుంది. మూడో శాసనం చదివానన్నావుగా!”

“చదివా. అందుకే అడుగుతున్నా. నీటిచక్రం దగ్గర మనిషిని పెట్టారు. మగ్గం దగ్గర పెట్టారు. గంగాళం దగ్గర కూడా గరిటె పట్టుకుని ఒకావిడ ఉంది. ఇన్ని ఊళ్ళ ప్రాణాలు మోసే కూటంలో మాత్రం ఖాళీ కుర్చీ కూడా లేదేంటి?”

భవానీప్రసాద్ నవ్వాడు. “పాయింటే మాస్టారూ. మా ఫ్యాక్టరీలో అంతా ఆటోమేటిక్ అంటారు. అయినా నన్ను పన్నెండు గంటలు కూర్చోబెడతారు. బటన్ వెనకాల మనిషి లేకుండా ఏదీ ఉండదండి.”

“మీ ఫ్యాక్టరీ సంగతి నాకెందుకయ్యా? ఇది మంత్రం!” అంటూ కామేశం బల్ల మీద అరచేత్తో చరిచాడు. గుండీలు ఎగిరి కిందపడ్డాయి. ఆమని వంగి ఒక్కొక్కటే ఏరి, లెక్కపెట్టి, పటం పక్కన పెట్టింది.

రెండో ఆదివారం ఇంకా అధ్వాన్నం. కామేశం షిఫ్టు దిగి నిద్ర కూడా పోకుండా, ఆ పిల్లని ఎలా వదిలించుకోవాలా అని ఆలోచించి వచ్చాడు. ఆట మొదలైన ఇరవై నిమిషాలకి ఆమని పాత్ర ఒక రాతి వంతెన మీదికి రాగానే, “వంతెన కూలింది. నువ్వు పోయావు” అన్నాడు.

“పాచిక వెయ్యలేదుగా” అంది ఆమని.

“అక్కర్లేదు.”

“అంటే నా తప్పేం లేకుండానే పోయానన్నమాట.”

“నువ్వే చూసుకోకుండా అడుగేశావు.”

ఆ మాట నోట్లోంచి జారాక గానీ ఏమన్నాడో తనకి తెలియలేదు. ఆమని పెదవులు తెల్లబడ్డాయి. కానీ కామేశం మీద లేచింది ఆమె కాదు, నీహారిక.

“ఇదన్యాయం మాస్టారూ! ఎనిమిదేళ్ళలో పాచిక లేకుండా ఎవర్నీ చంపలా మీరు. ఆ అమ్మాయంటే మీకెందుకంత మంట?”

“నా లోకం. నా ఇష్టం.”

“గది నాది” అంది నీహారిక.

భవానీప్రసాద్ సర్దిచెప్పబోయి ఇద్దరి చేతా తిట్లు తిన్నాడు. ఆట అర్ధంతరంగా ఆగిపోయింది. కామేశం రిజిస్టర్లు చంకన పెట్టుకుని దడదడా మెట్లు దిగాడు. వెనకాలే ఆమని దిగింది. రోడ్డు మీద పేట బస్సు కోసం నిలబడ్డ చోట పట్టుకుంది.

“ఏమే, ఏం కావాలి నీకు?” అన్నాడు కామేశం. అణుచుకోలేక ‘ఏమే’ దాకా వచ్చేశాడు.

“మీరు రాయాలి. మా నాన్న ఎల్‌సీ తిరిగివ్వలేదని, మీరే చూసుకోకుండా లైనిచ్చారని.”

“రుజువేంటి?”

“లాగ్‌బుక్కు కాపీ సమాచార హక్కు కింద తీసుకున్నా. రిటర్న్ గడిలో పేరు మా నాన్నది, నంబరేమో పద్నాలుగు. మా నాన్న తీసుకుంది పదమూడు. గాభరాలో పేరు మార్చారు గానీ నంబరు మార్చటం మర్చిపోయారు. ఆఫీసులో చూపిస్తే రాతలో పొరపాటమ్మా, ఫైలు ముగిసిపోయింది అన్నారు. ఆ కాపీలు జిరాక్స్ తీయించటానికి ఈ షాపుకే వచ్చా. ఇది మా మాస్టారి చేతిరాతలాగుందే అని నీహారికక్క అంది. ఆవిడకేం తెలియదు. ఊరికే అంది.”

కామేశం బస్సు వచ్చే వైపు చూశాడు. తర్వాత భయం కోపంలోకి తిరిగింది. అతనికి అది అలవాటే.

“ఇంకా నాలుగేళ్ళ సర్వీసుంది నాకు. చచ్చినోడెలాగూ తిరిగి రాడు. నన్ను రోడ్డు మీదికి ఈడిస్తే నీకేమొస్తది?”

“మా అమ్మ సౌభాగ్యమ్మ రెడ్డిగూడెంలో మా మావయ్యోళ్ళింట్లో ఉంటది. పోయిన నెల అక్కడ ఒక పెళ్ళిలో ఎవరో కుర్రాడికి మందు మానమని చెప్తా, కిషోర్‌బాబులా స్తంభం మీద పోతావురా అన్నారంట. అమ్మ పక్కనే వడ్డిస్తంది. మా నాన్న జన్మలో తాగలేదు. పదకొండేళ్ళుగా అమ్మ తల దించుకునే తిరుగుతంది. అదొస్తది నాకు. ఆ తల ఎత్తాలి.”

బస్సు వచ్చింది. ఇద్దరిదీ ఒకే ఊరు. కామేశం ఎక్కలేదు. తర్వాతి బస్సు కోసం ముప్పావు గంట ఎండలో నిలబడ్డాడు.

ఆ వారమంతా సబ్‌స్టేషన్‌లో ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. చూడామణి ఒంట్లో బాగాలేదా అని అడిగితే, నీకెందుకని అరిచాడు. ఆమె గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. ఆఖరికి ఒక నిర్ణయానికొచ్చాడు. ఆట మానేస్తున్నానని చెప్పి, గదిలో మిగిలిన పటాలు కూడా తెచ్చేసుకుంటాడు. లోకం తనది, తనతో తీసుకుపోతాడు. ఆ పిల్ల గోడతో ఆడుకోవచ్చు.

మూడో ఆదివారం వెళ్ళేసరికి ముగ్గురూ ముందే ఉన్నారు. కామేశం కూర్చునే ఊగే కుర్చీలో ఆమని కూర్చుంది.

“లే” అన్నాడు.

“ఒక్క ఆట నేను నడుపుతా. ఇది అయ్యాక మళ్ళీ ఈ గడప తొక్కను. మీరు ఒక పాత్ర తీసుకోండి. కూటం కాపలాదారు” అంది ఆమని.

“నా లోకంలో కాపలాదారు లేడు.”

“ఉంటే నడవదని మీ భయమా?”

“ఆడండి మాస్టారూ, పీడా పోద్ది. కాపలాదారున్నా లేకపోయినా మీ శాసనం గట్టిదేనని చూపించండి” అన్నాడు భవానీప్రసాద్. పాపం, సాయం చేస్తున్నాననుకున్నాడు.

కామేశానికి పౌరుషం పొడుచుకొచ్చింది. కూటంలో మనిషినే పెడితే తప్పేం జరుగుతుంది? జాగ్రత్తపరుడైన మనిషినే పెడతాను, రెండు గుండీలూ పెడతాను, ఈ పిల్ల నోరు మూయిస్తాను అనుకున్నాడు. రిజిస్టర్లు బల్ల మీద దించి, ఎదుటి కుర్చీలో కూలబడ్డాడు. ఆ క్షణంలో పటాలు చుట్టుకుని వెళ్ళిపోయుంటే బతికిపోయేవాడు.

ఆట నడిపే వాళ్ళకి ఒక హక్కుంది. పాత్రలో ఉన్న వాళ్ళని, వయసుతో పని లేకుండా, నువ్వు అనొచ్చు. ఆమని దాన్ని వాడుకుంది.

“నువ్వు కూటం కాపలాదారువి. మధ్యాహ్నం. ఎండ మండుతోంది. తీగ మీదికి ఒక మాంత్రికుడెక్కాడు. తీగ నిద్రపుచ్చమని శంఖంలో కబురు పంపాడు.”

“నిద్రపుచ్చా. గుండీ పెట్టా” అంటూ కామేశం పటం మీద ఎర్ర గుండీ ఠక్కున పెట్టాడు.

“కాసేపటికి అదే తీగ మీద ఇంకో మాంత్రికుడు కబురు పంపాడు.”

“రెండో గుండీ పెట్టా. చూసుకో” అని గర్వంగా భవానీప్రసాద్ వైపు చూశాడు.

“గుండీలు తలుపు పక్కన గంపలో ఉన్నాయి. నువ్వు తలుపు దగ్గరికెళ్ళి...”

“తలుపు పక్కన కాదు” అన్నాడు కామేశం.

ఎనిమిదేళ్ళుగా అదే అతని జబ్బు. వర్ణనలో చిన్న తప్పు దొర్లినా ఓర్చుకోలేడు. పటంలో వాగు ఒక వేలు పక్కకి గీసినందుకు నీహారికని ఒకసారి గంటసేపు తిట్టాడు.

“మరెక్కడ?” అంది ఆమని.

“బల్ల అవతల గోడకి. కొక్కేనికి.”

“సరే. నువ్వు తలుపు దగ్గర నిలబడి ఉన్నావు...”

“ఎందుకు నిలబడతాడు? భోజనం వేళైతే! కూర్చుని ఉన్నాడు. చెయ్యి ఎంగిలి. పెరుగన్నం.” విసుగ్గా అన్నాడు కామేశం, పిల్లలకి లెక్క దిద్దే తండ్రి గొంతుతో.

“కొక్కెం ఎంత దూరం?”

“నాలుగడుగులు.”

నీహారిక చేతిలో పాచిక చేతిలోనే ఉండిపోయింది. కామేశానికి తన గొంతు తనకే వినబడింది. పటం వైపు చూశాడు. రెండు గుండీలున్నాయి. ఆమని చెయ్యి చాపి, అందులో ఒకటి తీసి, పిడికిట్లో మూసింది.

“నాలుగడుగులు వేశావా?”

కామేశం ఆ పిడికిలి వైపే చూశాడు.

“ఆటలో జవాబు చెప్పని వాళ్ళకి తప్పించుకోవటానికి పాచిక ఉండదు. మీ మొదటి శాసనమే” అంది. “రెండో మాంత్రికుడు పని ముగించి తీగ లేపమన్నాడు. నీకు ఒక్క గుండీయే కనబడుతోంది. ఏం చేశావు?”

“తీశాడు” అన్నాడు కామేశం.

“ఎవరు?”

“...తీశా.”

“మాస్టారూ, ఏంటిది? ఏం మాట్లాడుతున్నారు మీరిద్దరూ?” అన్నాడు భవానీప్రసాద్. నీహారిక మాత్రం ఆమని మొహం చూసింది, రిజిస్టర్ మీద చేతిరాత చూసింది. ఆ రోజు తను జిరాక్స్ తీసిన కాగితాల మీద లైన్‌మన్ పేరు ఆమెకి గుర్తొచ్చింది. కుర్చీ వెనక్కి జరుపుకుంది. కామేశం ఆ కుర్చీ చప్పుడు విన్నాడు.

“పుస్తకంలో ఏం రాస్తావు?” అంది ఆమని. ఏడో రిజిస్టరు లాగి, కొత్త పేజీ తీసి, అతని ముందుకి తోసింది. సమయం, ఫీడరు, లోడు, రిమార్కులు. గడులు ఖాళీగా ఉన్నాయి.

కామేశానికి ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద, నీహారిక మీద, చెవిలో జోరీగలా ఏంటిది ఏంటిది అంటున్న భవానీప్రసాద్ మీద. రిజిస్టరు చింపి పారేసి పోదామనిపించింది. కానీ ఎదురుగా ఉన్నవి అతను ముప్పై ఏళ్ళుగా నింపిన గడులు. వాటిలో ఒక్కసారే అబద్ధం రాశాడు. అది రాసిన దగ్గర్నుంచి ప్రతి షిఫ్టులో ఆ గడి మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఎవరో ఒకరి మీద విసుక్కునేవాడు. ఇంతమందిని తిట్టుకుంటూ బతకడం ఆ ఒక్క గడి వల్లేనని ఆ పూట అతనికి తెలిసింది. తెలిసినందుకు ఎవరి మీదా ప్రేమ పుట్టలేదు. అలిసిపోయాడంతే.

పెన్ను తీశాడు. పదకొండేళ్ళ కిందటి తారీఖు వేశాడు. రెండూ నలభై. ఎల్‌సీ పద్నాలుగు, కాంట్రాక్టరు మనిషి, రిటర్న్. ఎల్‌సీ పదమూడు, కిషోర్‌బాబు, రిటర్న్ కాలేదు. రెండో బోర్డు తగిలించలేదు. లైన్ ఇచ్చింది ఆపరేటరు కామేశం. తర్వాత లాగ్‌బుక్కులో పేరు మార్చి రాసింది కూడా ఆపరేటరు కామేశం. కింద సంతకం పెట్టాడు.

“మా నాన్న తాగి లేడని కూడా రాయండి. మీకు ఎల్‌సీ అడిగినప్పుడు గొంతెలా ఉందో మీరే విన్నారుగా. చెవులారా విన్నానని చెప్పారు విచారణలో” అంది ఆమని.

“శుభ్రంగా ఉంది. నంబరు రెండుసార్లు అప్పజెప్పించుకున్నాడు నా చేత” అన్నాడు కామేశం. అది కూడా రాశాడు. ఇవాళ్టి తారీఖు వేసి ఇంకో సంతకం పెట్టాడు.

ఆమని పేజీ మొదట్లో వేలు పెట్టి చింపబోయింది.

“ఆగు” అన్నాడు కామేశం. “వెనకాల ఉత్తరకోటల పటం ఉంది. మూడేళ్ళు పట్టింది గియ్యటానికి.”

ఆమె పేజీ తిప్పి చూసింది. సన్నటి గీతలతో కోటలు, తీగలు, వాగులు, అన్నీ ఉన్నాయి. మధ్యలో మనుషుల్లేని మంత్రకూటం ఉంది. నెమ్మదిగా, కుట్టు వెంట ఒక్క అక్షరం కూడా పోకుండా చింపింది. నాలుగు మడతలు పెట్టి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. పిడికిట్లో ఉన్న గుండీ బల్ల మీద పెట్టింది.

“దీన్ని ఆఫీసులో ఇస్తావా?” అన్నాడు కామేశం.

“ముందు రెడ్డిగూడెం పోతా. అమ్మకి చదివి వినిపిస్తా. తర్వాత ఎక్కడ ఇవ్వాలో అక్కడ ఇస్తా. మిమ్మల్ని క్షమించానని మాత్రం అనుకోకండి.”

“నేనడగలా.”

“తెలుసు” అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

భవానీప్రసాద్ లేచాడు. ఫోన్ జేబులో పెట్టుకుని, ఎవరివైపూ చూడకుండా అతనూ దిగాడు. కామేశం పటాలు మడవడం మొదలుపెట్టాడు. ఒక పాచిక దొర్లి బల్ల కిందికి పోయింది. వంగి వెతుకుతుంటే ఫ్యాను ఆగింది. నీహారిక స్విచ్చి దగ్గర నిలబడి ఉంది.

“కామేశంగారూ, గదికి తాళం వెయ్యాలి” అంది.

ఎనిమిదేళ్ళలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు. కామేశం పాచిక వదిలేసి, రిజిస్టర్లు చంకన పెట్టుకుని, మెట్లు దిగాడు.